విటమిన్‌ను మందుగా మలచిన మనవాడు

పంజగుట్టలో నిమ్స్ చుట్టుపక్కలైనా, అమీర్‌పేట సందుల్లోనైనా మందుల షాపులో రెండు రకాల మాత్రలు మామూలుగా కనిపిస్తాయి. కడుపుతో ఉన్నవాళ్లకు డాక్టరమ్మ రాసే ఫోలిక్ ఆసిడ్ ఒకటి. కీళ్లవాతానికీ, సోరియాసిస్‌కీ, కొన్ని కేన్సర్లకీ ఇచ్చే మెథోట్రెక్సేట్ రెండోది. మొదటిదాన్ని కాస్త మారిస్తే పుట్టిందే రెండోది. ఈ రెండింటి వెనకా ఉన్న మనిషి మన యల్లాప్రగడ సుబ్బారావు.

1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. తండ్రి పోయినా తల్లి వెంకమ్మగారు పట్టుబట్టి చదివించారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి తెల్లదొర ప్రొఫెసరు కోపానికి గురయ్యారు, ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు. స్ప్రూ అనే విరేచనాల జబ్బు ఇద్దరు అన్నదమ్ములను పొట్టనబెట్టుకుంది. మామగారి సాయంతో అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో పనిచేసి, 1940లో లెడర్లే కంపెనీలో చేరారు.

అక్కడ 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను తయారుచేసింది. అంతకుముందు లూసీ విల్స్ అనే డాక్టరు బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో, గర్భంతో వచ్చే రక్తహీనత ఈస్టుతో తగ్గడం చూశారు. ఆ ఈస్టులోని గుణం ఇదే. స్ప్రూకి కూడా ఇది పనిచేసింది. అప్పటికి ఆ అన్నదమ్ములు లేరు.

బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ ఈ కోవకు చెందిన పదార్థాలు ఇస్తే, పిల్లల్లో రక్తకేన్సర్ ఇంకా ముదిరినట్టు కనిపించింది. అయితే దానికి విరుగుడు కావాలి కదా! లెడర్లేలో ఫోలిక్ ఆసిడ్ అణువులో ఒక మూల ఆక్సిజన్ ఉన్నచోట నైట్రోజన్ పెట్టారు. కణం దాన్ని విటమినే అనుకుని లోపలికి రానిస్తుంది. తాళంలో దొంగ తాళంచెవి ఇరుక్కుపోయినట్టు, అక్కడితో దాని పెరుగుదల ఆగిపోతుంది. అలా వచ్చిన అమినోప్టెరిన్‌తో కొందరు పిల్లలకు జబ్బు కొన్ని నెలలు తగ్గుముఖం పట్టిందని 1948లో ఫార్బర్ ప్రకటించారు. ఇంకో చిన్న మార్పుతో మెథోట్రెక్సేట్ వచ్చింది. 1956లో, గర్భం తర్వాత ఆడవాళ్లకు వచ్చే ఒక కేన్సర్ దీంతో పూర్తిగా నయమైంది. (కీళ్లవాతానికి దీన్ని వారానికి ఒక్కసారే వేసుకుంటారు, రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. గర్భిణులు అసలు వాడకూడదు.)

ఆ విజయం చూడటానికి ఆయన లేరు. 1948 ఆగస్టులో, యాభైమూడేళ్లకే పోయారు.

1919లో ఆయన చేయిపట్టుకున్న శేషగిరిగారి గురించి మాత్రం ఎవరూ పెద్దగా రాయరు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, తండ్రి వాణ్ని చూడనే లేదు. సుబ్బారావుగారు తిరిగి ఇండియాకు రాలేదు. ఆమె ఇక్కడే ఉండిపోయారు.