తాండూరు నుంచి ఢిల్లీ ఉక్కు శాఖకు..
* మర్రి చెన్నారెడ్డి కాలంలో ధర నిర్ణయం ప్రభుత్వ దస్త్రాల్లో
* నేడు ప్రపంచ విపణి చేతుల్లో

దౌల్తాబాద్: ఇంటి స్లాబుకు సిద్ధమైన రైతు ఇనుప సలాకల ధర అడిగితే దుకాణదారు నిన్నటి రేటు చెప్పడు. ఆనాటి రేటే చెబుతాడు. ఆ రేటు వెనుక చైనా కర్మాగారాల ఉత్పత్తి, ఆస్ట్రేలియా నుంచి దిగుమతయ్యే కోకింగ్ బొగ్గు ఖరీదు, డాలరుతో రూపాయి మారకపు విలువ ఉంటాయి. ఆరు దశాబ్దాల కిందట పరిస్థితి ఇలా లేదు. ఉక్కు ఎక్కడ తయారు కావాలి, ఎవరికి దక్కాలి, ఏ ధరకు అమ్మాలి అనే విషయాల్లో ఢిల్లీ మాటే చెల్లుబాటయ్యేది. ఆ నిర్ణయాలు తీసుకునే శాఖకు 1967-68లో మంత్రిగా ఉన్న నేత నేటి వికారాబాద్ జిల్లాకు చెందిన డాక్టర్ మర్రి చెన్నారెడ్డి. రెండుసార్లు ముఖ్యమంత్రిగా, నాలుగు రాష్ట్రాల గవర్నరుగా ఆయన అందరికీ తెలుసు. ఉక్కు మంత్రిగా ఆయనను ఎరిగినవారు మాత్రం తక్కువ.

వైద్య పట్టా.. రాజకీయ బాట

మర్పల్లి మండలం సిరిపురంలో 1919 జనవరి 13న చెన్నారెడ్డి జన్మించారు. 1941లో వైద్య పట్టా పొందారు. విద్యార్థి దశలోనే యువజన, విద్యార్థి సంఘాల నిర్మాణంలో పాలుపంచుకున్నారు. నిజాం పాలనలోని తెలంగాణలో తెలుగువారిని సమీకరించిన ఆంధ్ర మహాసభలోనూ, స్టేట్ కాంగ్రెస్‌లోనూ చురుకుగా పనిచేశారు. వైద్యవృత్తి కన్నా ప్రజాజీవితమే ఆయనను ఎక్కువగా ఆకర్షించింది.

1952 ఎన్నికల్లో వికారాబాద్ నుంచి హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో చేరేనాటికి ఆయన వయస్సు 33 ఏళ్లు. వ్యవసాయం, ఆహార శాఖలను నిర్వహించారు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు అప్పటిదాకా గుల్బర్గా జిల్లాలో ఉన్న తాండూరు హైదరాబాద్ జిల్లాలోనూ, కొడంగల్ మహబూబ్‌నగర్ జిల్లాలోనూ కలిశాయి. 1962, 1967 ఎన్నికల్లో చెన్నారెడ్డిని గెలిపించినది ఆ తాండూరే. కాసు బ్రహ్మానందరెడ్డి మంత్రివర్గంలో ఆయన ఆర్థిక శాఖను చూశారు.

ఉక్కు కోసం నెత్తురు చిందిన వేళ

ఆయన రాష్ట్ర మంత్రిగా ఉన్న రోజుల్లోనే విశాఖ ఉక్కు ఉద్యమం రగిలింది. దక్షిణాదిలో ఉక్కు కర్మాగారానికి విశాఖపట్నం అనువైన చోటని 1965లో బ్రిటిష్-అమెరికన్ నిపుణుల బృందం సిఫారసు చేసింది. అప్పటి కేంద్ర ఉక్కు మంత్రి కూడా తెలుగువారైన నీలం సంజీవరెడ్డే. అయినా కేంద్రం నిర్ణయాన్ని వాయిదా వేస్తూ వచ్చింది. 1966 అక్టోబరులో టి. అమృతరావు నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు. రాష్ట్రవ్యాప్తంగా 32 మంది ప్రాణాలు కోల్పోయారు. పలువురు శాసనసభ్యులు పదవులకు రాజీనామా చేశారు.

నాలుగు నెలలు గడిచాయి. 1967 మార్చిలో ఇందిరాగాంధీ చెన్నారెడ్డిని కేంద్ర మంత్రివర్గంలోకి తీసుకుని ఉక్కు, గనులు, లోహాల శాఖను అప్పగించారు. విశాఖ నుంచి తెన్నేటి విశ్వనాథం స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు గెలిచి వచ్చారు. కర్మాగారం కోరుతున్న నగరం ప్రతినిధి సభలో ఒక వైపు, ఉక్కు శాఖ చేపట్టిన తెలుగు మంత్రి మరో వైపు నిలిచారు. సొంత రాష్ట్రం ఆశలు ఒక పక్క, కేంద్ర ఖజానా పరిమితులు మరో పక్క ఉన్న ఆ కుర్చీ పూలపాన్పు కాదు.

పర్మిట్ల కాలానికి తొలి సడలింపు

1956 పారిశ్రామిక విధాన తీర్మానం ప్రకారం కొత్త ఉక్కు కర్మాగారాలు నెలకొల్పే బాధ్యత ప్రభుత్వానిదే. సోవియట్ సహకారంతో భిలాయ్, పశ్చిమ జర్మనీ తోడ్పాటుతో రూర్కెలా, బ్రిటన్ సాయంతో దుర్గాపూర్ అప్పటికే వెలిశాయి. పరిజ్ఞానం విదేశాలది, యాజమాన్యం మనది. ఉక్కు కావాలంటే పర్మిట్ ఉండాలి, కోటా దక్కాలి. జంషెడ్‌పూర్‌లో తయారైన ఉక్కు రైలులో వికారాబాద్ చేరినా, తాండూరు చేరినా ధర ఒక్కటే. దూరాన్ని బట్టి ధర మారకుండా రవాణా ఛార్జీల సమీకరణ విధానం కాపాడేది.

చెన్నారెడ్డి శాఖను చేపట్టే నాటికి పరిశ్రమ కష్టాల్లో ఉంది. వరుస కరవులు, 1966 జూన్‌లో జరిగిన రూపాయి విలువ తగ్గింపు ఆర్థిక వ్యవస్థను కుంగదీశాయి. గిరాకీ పడిపోయి ప్రభుత్వరంగ హిందుస్థాన్ స్టీల్ నష్టాల పాలైంది. 1967 మేలో ఉక్కు ధర, పంపిణీలపై మిగిలి ఉన్న చట్టబద్ధ నియంత్రణలను కేంద్రం ఎత్తివేసింది. అయితే పగ్గాలు పూర్తిగా వదలలేదు. ఉత్పత్తిదారులతో ఏర్పడిన జాయింట్ ప్లాంట్ కమిటీ ద్వారా ధరలు ప్రకటించే పద్ధతి కొనసాగింది. పూర్తి స్వేచ్ఛ రావడానికి మరో పాతికేళ్లు పట్టింది.

1968 ఏప్రిల్‌లో సోవియట్ సహకారంతో తలపెట్టిన బొకారో కర్మాగారం నిర్మాణం మొదలైంది. అదే ఏడాది బైలదిల్లా గనుల్లో ఉత్పత్తి ప్రారంభమైంది. అక్కడి ఇనుప ఖనిజం కొత్త రైలు మార్గంలో విశాఖ రేవుకు చేరి జపాన్‌కు ఓడలెక్కింది. కర్మాగారం కోసం ప్రాణాలర్పించిన నగరం మీదుగానే ముడి ఖనిజం పరదేశపు కొలుములకు తరలడం ఆనాటి విపర్యాసం. ప్రపంచ వాణిజ్యం తెలుగు నేలను అప్పటికే తాకింది. ఖనిజం ఎగుమతి మన వంతు, ఉక్కు తయారీ ఇతరుల వంతు అయ్యాయి.

పదవి తీసిన తాండూరు తీర్పు

మంత్రిపదవి ఏడాది దాటి కొద్ది రోజులకే ముగిసింది. తాండూరులో ఆయనపై పోటీచేసి ఓడిన ఆర్యసమాజ్ నేత వందేమాతరం రామచంద్రరావు ఎన్నిక చెల్లదంటూ న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. ఎన్నికల్లో అక్రమ పద్ధతులు అనుసరించినట్లు నిర్ధారిస్తూ హైకోర్టు 1968 ఏప్రిల్‌లో ఎన్నికను రద్దు చేసింది. ఆరేళ్లు పోటీకి అనర్హత పడింది. చెన్నారెడ్డి కేంద్ర మంత్రిపదవికి రాజీనామా చేశారు. సుప్రీంకోర్టులోనూ ఊరట లభించలేదు. ఢిల్లీకి పంపిన నియోజకవర్గమే పదవి పోవడానికి కారణమైంది. ఆయన హయాంలో విశాఖ కర్మాగారానికి అనుమతి రాలేదు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో దాన్ని ప్రకటించే నాటికి ఆయన మంత్రివర్గంలో లేరు.

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి ఆయన నాయకత్వం వహించారు. తెలంగాణ ప్రజాసమితి 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 స్థానాల్లో పదింటిని గెలుచుకుంది. అనర్హత కారణంగా అధినేత మాత్రం పోటీచేయలేదు. అదే ఏడాది సమితిని కాంగ్రెస్‌లో విలీనం చేశారు. ఉద్యమాన్ని శిఖరానికి చేర్చిన నేతగా కొందరు, మధ్యలో వదిలేసిన నేతగా మరికొందరు ఆయనను నేటికీ తలచుకుంటారు.

ముఖ్యమంత్రిగా మళ్లీ ఉక్కు ముంగిట

1974 నుంచి 1977 వరకు ఉత్తరప్రదేశ్ గవర్నరుగా ఉన్న చెన్నారెడ్డి 1978 మార్చిలో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏడాది ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. వికారాబాద్, తాండూరు ప్రాంతాలు అందులో చేరాయి. 1979 జూన్‌లో విశాఖ కర్మాగారంపై సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. కేంద్ర మంత్రిగా ఆయన చూడలేకపోయిన ముందడుగు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు పడింది. 1980 అక్టోబరులో పదవి వీడారు. 1982 ఫిబ్రవరిలో కర్మాగారం నిర్వహణకు రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది.

1989 డిసెంబరులో రెండోసారి ముఖ్యమంత్రి అయ్యారు. 1990లో విశాఖ కర్మాగారం తొలి బ్లాస్ట్ ఫర్నేస్ గోదావరి వెలిగింది. హైదరాబాద్ మత కలహాల నడుమ ఆ ఏడాది డిసెంబరులో ఆయన రాజీనామా చేశారు.

తలుపులు తెరిచిన 1991

మరుసటి ఏడాది పరిశ్రమ రూపురేఖలే మారాయి. 1991 జులై విధానం ఉక్కును ప్రభుత్వరంగ ప్రత్యేక జాబితా నుంచి తప్పించింది. 1992 జనవరిలో ధరల నియంత్రణ తొలగింది, రవాణా ఛార్జీల సమీకరణా పోయింది. దిగుమతి సుంకాలు క్రమంగా తగ్గాయి. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు విశాఖ కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ప్రభుత్వ రక్షణ నీడలో రూపుదిద్దుకున్న కర్మాగారం తీరా పని మొదలుపెట్టేసరికి పోటీ ప్రపంచంలో నిలబడింది. సొంత ఇనుప గనులు లేకపోవడం, అప్పుల వడ్డీ దానికి గుదిబండలయ్యాయి.

చెన్నారెడ్డి ఈ మార్పును రాజస్థాన్, తమిళనాడు రాజ్‌భవన్‌ల నుంచి చూశారు. తమిళనాడు గవర్నరుగా ఉంటూనే 1996 డిసెంబరు 2న హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఇందిరా పార్కు పక్కన ఆయన సమాధి ఉంది. అధికారులకు శిక్షణ ఇచ్చే మానవ వనరుల అభివృద్ధి సంస్థ ఆయన పేరుతో కొనసాగుతోంది.

తర్వాతి కథ ఆయన తరం ఊహకు అందనిది. ఒకప్పుడు విదేశీ సాయంతో కర్మాగారాలు కట్టుకున్న దేశం నుంచి వెళ్లిన టాటా స్టీల్ 2007లో ఐరోపాకు చెందిన కోరస్‌ను కొనుగోలు చేసింది. 2018లో జపాన్‌ను దాటి భారత్ ప్రపంచంలో రెండో అతిపెద్ద ఉక్కు ఉత్పత్తిదారు అయింది. 2023లో మన ఉత్పత్తి 14 కోట్ల టన్నులు. చైనాది 100 కోట్ల టన్నుల పైమాటే. అక్కడ మిగిలిన సరుకు తక్కువ ధరకు పోటెత్తితే ఇక్కడి కొలుములు వణుకుతాయి. అందుకే 2025 ఏప్రిల్‌లో కొన్ని రకాల ఉక్కు దిగుమతులపై కేంద్రం 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం విధించింది. విశాఖ ఉక్కులో పెట్టుబడులన్నీ ఉపసంహరించాలని 2021 జనవరిలో సూత్రప్రాయంగా నిర్ణయించిన కేంద్రమే, 2025 జనవరిలో రూ.11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీని ప్రకటించింది.

నియంత్రణల కాలంలో సరుకు దొరకక జనం పర్మిట్ల కోసం తిరిగారు. స్వేచ్ఛా విపణిలో సరుకుకు కొదవ లేదు, ధరకే స్థిరత్వం లేదు. నాడు ధర పెరిగితే నిలదీసేందుకు ఒక మంత్రి, ఆ మంత్రిని గెలిపించిన ఒక నియోజకవర్గం ఉండేవి. ఎన్నికలో తప్పు జరిగిందని తేలితే ఆ మంత్రే గద్దె దిగవలసి వచ్చింది. నేడు దౌల్తాబాద్‌లో స్లాబు వేసే రైతుకు సలాకలు అడిగినన్ని దొరుకుతాయి. వాటి ధరకు జవాబుదారీ ఎవరని అడిగేందుకు మాత్రం చిరునామా లేదు.