డ్యూక్ ఎలింగ్టన్

ఎడ్వర్డ్ కెనెడీ ఎలింగ్టన్ 1899 ఏప్రిల్ 29న అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో నల్లజాతి కుటుంబమున జన్మించారు. తండ్రి సంపన్నుల ఇండ్లలో పరిచారకుడు. విందుల వేళ అప్పుడప్పుడు శ్వేతసౌధములో కూడ పనిచేసినవాడు. బాలుని వేషభాషలలోని దర్జా చూచి స్నేహితులు డ్యూక్ అని పేరు పెట్టారు. మన వైపు అయితే నవాబు అని పిలిచేవారేమో! చిత్రకళాభ్యాసమునకు లభించిన విద్యార్థివేతనమును వదలుకొని, పియానోను నమ్ముకొని, ఆయన 1923లో న్యూయార్క్ చేరారు.

1927 డిసెంబరులో హార్లెములోని కాటన్ క్లబ్బున ఆయన బృందమునకు కొలువు దొరికింది. వేదికపై వాయించువారు నల్లవారు. ఎదుట కూర్చుండి వినుటకు తెల్లవారికి మాత్రమే ప్రవేశము. అయినను ఆ వేదిక నుండియే రేడియో ఆయన సంగీతమును దేశమంతటికి వినిపించింది. దక్షిణ రాష్ట్రములలో హోటళ్ళు నల్లవారికి గది ఇచ్చేవి కావు. అందుచేత 1930 దశకములో బృందము ప్రత్యేక రైలుపెట్టెలను అద్దెకు తీసుకొని, వానిలోనే భుజించి, నిద్రించి పర్యటించింది. దీనిని రాజీ అనువారు ఉండవచ్చును. గది కొరకు ఎవరిని యాచించని ఆత్మగౌరవముగానే మేము దీనిని భావిస్తున్నాము.

నృత్యమునకు అనువైన స్వింగ్ సంగీతము 1935 తరువాత అమెరికాను ఊపివేసింది. ఆ మాటను పేరులోనే నిలుపుకొన్న పాటను ఎలింగ్టన్ 1932లోనే రికార్డు చేశారు. అయితే ఆయన ప్రత్యేకత వేరు. ఆయన సాక్సొఫోను కొరకు కాక జానీ హాడ్జెస్ కొరకు, ట్రంపెట్ కొరకు కాక కూటీ విలియమ్స్ కొరకు స్వరములు వ్రాసేవారు. మనిషి మారితే రచన కూడ మారేది. 1939 నుండి బిల్లీ స్ట్రేహార్న్ ఆయనకు సహరచయిత. 1943లో కార్నెగీ హాలులో తన జాతి చరిత్రనే దీర్ఘ సంగీతకృతిగా వినిపించారు.

యుద్ధానంతరము పెద్ద బృందములు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఎలింగ్టన్ మాత్రము పాటలపై వచ్చు రాయల్టీ సొమ్ముతో వాద్యకారులకు జీతములిచ్చి బృందమును నిలిపారు. వ్యాపారదృష్టిలో ఇది నష్టమే. వ్రాసిన స్వరమును మరునాడే వినవలెనన్న కోరిక ఆయనది. 1956లో న్యూపోర్టు ఉత్సవమున పాల్ గొన్సాల్వెజ్ సాక్సొఫోనుపై ఒకే వరుసను ఆపకుండ ఇరువదియేడు ఆవృత్తములు వాయించగా జనము లేచి నృత్యము చేసింది. బృందమునకు పూర్వవైభవము తిరిగి వచ్చింది.

1963లో అమెరికా ప్రభుత్వము పక్షాన ఆయన మన దేశమునకు వచ్చారు. ఆ యాత్రానుభవముల నుండి పుట్టిన కృతిలో ఆగ్రా ఉన్నది, ఇస్ఫహాన్ ఉన్నది, ఢిల్లీలో విన్న గోరువంక కూత కూడ ఉన్నది.

1965లో పులిట్జర్ సంగీత న్యాయనిర్ణేతలు ఆయనకు ప్రత్యేక గౌరవమును సిఫారసు చేయగా, పై మండలి తిరస్కరించింది. అదే గౌరవము 1999లో లభించింది. అప్పటికి ఆయన లేరు. 1969లో, డెబ్బదవ జన్మదినమున, తండ్రి పరిచర్య చేసిన శ్వేతసౌధములోనే దేశాధ్యక్షుని చేతుల మీదుగా అత్యున్నత పౌరపతకమును స్వీకరించారు.

1974 మే 24న ఎలింగ్టన్ న్యూయార్క్‌లో మరణించారు. 1927 నుండి ఆయనను విడువక వాయించిన హ్యారీ కార్నీ అదే సంవత్సరము అక్టోబరులో కన్నుమూశాడు.