థామస్ బౌడ్లర్: పేరు క్రియాపదమైన మనిషి

ఈ సంచికకు వచ్చిన రచనలను సరిచూసే బాధ్యతను మా ఏడుగురికి అప్పగించారు. మాలో నలుగురం ఇప్పుడు హాస్టల్లో ఉంటున్నవాళ్లం, ముగ్గురం చదువు ముగించుకుని వెళ్లిన పూర్వ విద్యార్థులం. ఎనిమిదో తరగతి తమ్ముడొకడు హాస్టల్లో తన మొదటి వారం గురించి రెండు పేజీలు రాసి ఇచ్చాడు. తనకు రేకు పెట్టె కొనడానికి వాళ్లమ్మ కాళ్ల కడియాలు కుదువ పెట్టిందనీ, మొదటి మూడు రాత్రులూ పక్క తడిపాననీ, తెల్లవారకముందే లేచి ఆ దుప్పటి ఉతికి వేపచెట్టు వెనక ఆరేశాననీ అందులో ఉంది. వార్షికోత్సవానికి పెద్దలు వస్తారు, పదిమందీ చదువుతారు, హాస్టల్ పరువు ఏం కాను అనుకుని ఆ వాక్యాల మీద ఎర్ర సిరా గీత గీశాము. విషయం చెబితే ఆ తమ్ముడు వాదించలేదు. దుప్పటి సంగతి కూడా తీసేశారా అన్నా అని మాత్రం అడిగాడు.

తర్వాత ఆ ప్రతులను ఇంగ్లీషు లెక్చరరుగా పనిచేస్తున్న మా సీనియర్ అన్నకు పంపాము. ఆ పేజీని మేము బౌడ్లరైజ్ చేశామని ఆయన అంచున పెన్సిలుతో రాసి తిప్పి పంపారు. మాలో ఎవరికీ ఆ మాట తెలియదు. నిఘంటువు తీశాము.

ఒక రచనలో అసభ్యమనో, మర్యాద కాదనో తమకు తోచిన భాగాలను తీసేయడం, లేదా మెత్తబరచి మార్చడం, అలా చేసి ఆ రచన బలం తగ్గించడం అని దాని అర్థం. సెన్సార్ అనే మాట మనందరికీ తెలుసు. అందులో ప్రభుత్వమో అధికారమో కనిపిస్తుంది. బౌడ్లరైజ్ చేయడానికి అధికారం అక్కర్లేదు. మంచి చేస్తున్నామనే నమ్మకం, చేతిలో ఒక కలం ఉంటే చాలు. ఎక్స్‌పర్గేట్ అనే మరో మాట కూడా ఉంది. అది తీసేశారని చెప్పి ఊరుకుంటుంది. బౌడ్లరైజ్‌లో మాత్రం తీసినవాళ్ల మీద ఒక ఎత్తిపొడుపు ఉంటుంది. తాము బౌడ్లరైజ్ చేశామని ఎవరూ గర్వంగా చెప్పుకోరు. ఎదుటివాళ్లు చేశారనే అంటారు.

ఈ మాట ఒక మనిషి పేరు నుంచి పుట్టింది. 1880లో ఐర్లండులో కౌలు రైతులు వెలివేసిన కెప్టెన్ బాయ్‌కాట్ పేరు మనం రోజూ వాడే బాయ్‌కాట్ అయింది కదా, ఇదీ అలాంటిదే. ఆ మనిషి థామస్ బౌడ్లర్.

ఆయన 1754 జూలై 11న ఇంగ్లండులో బాత్ నగరానికి దగ్గరలోని బాక్స్ అనే ఊళ్లో, కలిగిన కుటుంబంలో జన్మించారు. స్కాట్లండులో వైద్యశాస్త్రం చదివి 1776లో ఎడింబరో విశ్వవిద్యాలయం నుంచి పట్టా పొందారు. కొన్నేళ్లు యూరప్ దేశాలు తిరిగారు. 1781లో లిస్బన్‌లో జబ్బుపడిన స్నేహితుడికి తోడుగా ఉన్నప్పుడు ఆ జ్వరం ఆయనకూ సోకింది. స్నేహితుడు చనిపోయాడు. ఈయన బతికి ఇంటికి చేరారు గానీ, రోగులను చూడాలంటేనే మనసు ఒప్పని స్థితికి వచ్చి వైద్యవృత్తినే వదిలేశారు. అదే ఏడు రాయల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకుంది.

ఆ తర్వాత ఆయన తలకెత్తుకున్న పని తెలిసినప్పుడు మాకు ఆశ్చర్యం వేసింది. జైళ్ల సంస్కరణ కోసం జీవితమంతా తిరిగిన జాన్ హోవర్డ్ 1790లో మరణించాక, ఆ బాటలోనే బౌడ్లర్ కూడా జైళ్లు చూసి, ఖైదీల స్థితి మెరుగుపరచాలని పాటుపడ్డారు. చదరంగంలోనూ గట్టివారే. 1788లో కాన్వే అనే సేనాధిపతితో ఆడిన ఆటలో రెండు ఏనుగులనూ బలిచ్చి గెలిచారు. రాసిపెట్టిన ఆటల్లో అలాంటి ఎత్తు కనిపించేది అందులోనే మొదటిసారి అంటారు. మనిషి పిరికివాడు కాడు, కఠినుడూ కాడు. ఈ సంగతులు తెలియకముందు మేము ఆయనను బెత్తం పట్టుకున్న ముసలాయనగా ఊహించుకున్నాము.

బౌడ్లర్ చిన్నప్పుడు వాళ్లింట్లో సాయంత్రాలు తండ్రి షేక్స్‌పియర్ నాటకాలు పైకి చదివి వినిపించేవారు. పిల్లలు వినకూడదనుకున్న మాటలను చదువుతూ చదువుతూనే దాటేసేవారు. దాటేసిన సంగతి పిల్లలకు తెలిసేది కాదు. పెద్దయ్యాక అసలు పుస్తకం చూసినప్పుడే బౌడ్లర్‌కు అర్థమైంది. అంత నేర్పుగా చదవగల తండ్రి ఇంటింటా ఉండడు గనుక, ఆ పని పుస్తకమే చేసిపెడితే బాగుంటుందనే ఆలోచన ఆ ఇంట్లో పుట్టింది.

1807లో బాత్‌లో ఆ పుస్తకం ది ఫ్యామిలీ షేక్స్‌పియర్ పేరుతో నాలుగు సంపుటాలుగా వెలువడింది. అందులో 20 నాటకాలున్నాయి. సంపాదకుల పేరు లేదు. ఆ నాటకాలను కత్తిరించి కూర్చింది థామస్ కాదు. ఆయనకంటే నాలుగేళ్లు పెద్దదైన అక్క హెన్రియెటా మరియా బౌడ్లర్. ఇంట్లో ఆమెను హ్యారియెట్ అనేవారు. ఆమె పేరు లేకుండా అచ్చు వేయించిన మతబోధల పుస్తకం ఎన్నో ముద్రణలు పొందింది. దాన్ని రాసింది ఎవరో మతాచార్యుడనుకుని లండన్ బిషప్ ఆ రచయితకు ఒక చర్చిలో ఉద్యోగం ఇవ్వబోయారని చెబుతారు. అంతటి చదువరి షేక్స్‌పియర్ పుస్తకం మీద మాత్రం పేరెందుకు వేసుకోలేదు? పెళ్లికాని స్త్రీ ఆ బూతు మాటలను తీసేసిందంటే, అవి ఆమెకు అర్థమయ్యాయని లోకం అనుకుంటుంది. అందుకే ఆ పుస్తకంలో అందరికంటే ముందు తీసివేతకు గురైనది ఆమె పేరే.

1818లో 36 నాటకాలతో పది సంపుటాలు వచ్చాయి. ఈసారి థామస్ బౌడ్లర్ పేరు అచ్చయింది. అక్క పేరు అప్పుడూ లేదు. ఆమె 1830 దాకా జీవించింది. ఆ మొదటి కూర్పు ఆమెదని అందరూ ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది.

మూలానికి తాను ఏమీ చేర్చలేదనీ, కుటుంబంలో పైకి చదవలేని మాటలను మాత్రమే తీశాననీ బౌడ్లర్ చెప్పుకున్నారు. కానీ అక్కడక్కడా మాటలు మారాయి. దేవుడి పేరెత్తి చేసే ఆశ్చర్యార్థకాల చోట స్వర్గం అనే మాట వచ్చింది. హామ్లెట్‌లో ఒఫీలియా ఆత్మహత్య చేసుకుందేమో అన్న సందేహం పోయి, పొరపాటున నీళ్లలో పడిందన్నట్టే మిగిలింది. నాలుగో హెన్రీ రెండో భాగంలో ఒక వేశ్య పాత్రనే ఎత్తేశారు. ఒథెల్లో దగ్గర మాత్రం ఆయన చేతులెత్తేశారు. అనుమానం ఒక మనిషిని ఎలా కాల్చేస్తుందో చెప్పే నాటకంలో అనుమానపు మాటలు తీసేస్తే మిగిలేదేముంది? అందుకని కొన్ని మాటలు తగ్గించి, ఇది నలుగురూ కూర్చునే గదిలో కాకుండా లోపలి గదిలో ఉంచుకోవాల్సిన నాటకమని సలహా ఇచ్చారు. కత్తెర తెగని చోటు ఉందని ఆయనే ఒప్పుకున్న ఈ సందర్భం మాకు నచ్చింది.

ఒక పత్రిక వెక్కిరించింది. 1821లో ఎడింబరో రివ్యూ మెచ్చుకుంది. పుస్తకం బాగా అమ్ముడుపోయి, 19వ శతాబ్దమంతా మళ్లీ మళ్లీ అచ్చయింది. షేక్స్‌పియర్‌ను ముట్టుకోనివ్వని ఎన్నో ఇళ్లలో ఆడపిల్లలు, చిన్నపిల్లలు ఈ పుస్తకం వల్లే ఆయనను చదివారు. పిల్లలకు షేక్స్‌పియర్‌ను అందించినందుకు స్విన్‌బర్న్ అనే కవి తర్వాతి కాలంలో బౌడ్లర్‌ను గట్టిగా సమర్థించాడు కూడా. ఈ మాటను తిట్టుగా మాత్రమే వాడేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

ఇక ఆయన సొంత జీవితం. 1806లో, 52వ ఏట, ఒక నౌకాదళ అధికారి భార్యగా ఉండి వితంతువైన ఎలిజబెత్ ట్రెవెనెన్‌ను వివాహమాడారు. కాపురం పొసగలేదు. కొన్నేళ్లకే విడిగా ఉండసాగారు. పిల్లలు లేరు. ఆయన మరణానంతరం మేనల్లుడి వరసో కాదు, అన్న కొడుకే, అదే పేరుగల థామస్ బౌడ్లర్, ఆయన జీవితచరిత్ర రాశాడు. అందులో పెళ్లి ప్రస్తావనే లేదు. భార్య పేరు లేదు. బౌడ్లర్ జీవితాన్నే బౌడ్లరైజ్ చేశారన్నమాట. అప్పటికి ఆ క్రియాపదం ఇంకా పుట్టనైనా లేదు.

చివరి ఏళ్లు వేల్స్‌లోని స్వాన్సీ దగ్గర రిడ్డింగ్స్ అనే ఇంట్లో గడిపారు. గిబ్బన్ రాసిన రోమన్ సామ్రాజ్య పతన చరిత్రను కూడా అదే పద్ధతిలో కత్తిరిస్తూ, 1825 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. ఆ పుస్తకం 1826లో వెలువడింది. ఆయన మరణించిన పదకొండేళ్లకు, 1836లో, పెరొనెట్ థామ్సన్ అనే రచయిత ఆయన పేరును మొదటిసారి క్రియాపదంగా వాడాడు.

ఇది ఇంగ్లీషువాళ్ల గొడవ అనుకోవడానికి వీల్లేదు. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని 1887లో పైడిపాటి వేంకటనరసు అచ్చు వేయించినప్పుడు పీఠికనూ కొన్ని పద్యాలనూ తీసేశారు. స్త్రీ విద్య కోసం అంత పాటుపడిన వీరేశలింగం గారికి కూడా ఒక స్త్రీ అలా రాయడం రుచించలేదు. బెంగుళూరు నాగరత్నమ్మ వెతికి సంపాదించి, తీసేసినవన్నీ తిరిగి చేర్చి 1910లో వావిళ్ల వారి ద్వారా ప్రచురించారు. ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం ప్రకాశం పంతులు గారి ప్రభుత్వ కాలంలో, 1947లో తొలగింది.

ఎర్ర సిరా గీతల కింద కూడా అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి గనుక మా పని తేలికైంది. తమ్ముణ్ని పిలిచి, ఉంచమంటావా తీసేయమంటావా అని ఈసారి అడిగాము. రాత్రంతా ఆలోచించుకుని, పొద్దున టిఫిన్ దగ్గర ఉంచమని చెప్పాడు. అతని రెండు పేజీలనూ అతను రాసినట్టే ఈ సంచికలో వేశాము, కడియాలతో, దుప్పటితో సహా. కుదువ అన్న మాటలో ఒక అక్షరం మాత్రం దిద్దాము, అదీ అతనికి చూపించాకే.