పంపకవి – వేములవాడ నివాసము

ధర్మమెరిగిన ప్రభువును, నిండైన జలాశయమును, విద్వాంసులును గల చోట నివసింపవలెనని నీతిశాస్త్రములు బోధించుచున్నవి. అయితే మనసునకు నచ్చిన ఊరొకటియు, జీవనమునకు తగిన ఊరు వేరొకటియు అయినపుడు దేనిని గ్రహింపవలెను? ఈ సందేహమునకు మహాకవుల చరిత్రలే సమాధానములు. కన్నడ సాహిత్యమున ఆదికవిగా ప్రఖ్యాతి గాంచిన పంపని చరిత్ర అట్టివానిలో ముఖ్యమైనది.

పంపని పూర్వులు వేంగిదేశమువారు, శ్రీవత్సగోత్రులు. కమ్మనాటిలోని వంగిపఱ్ఱు వారి మూలస్థానము. ఆ వంశమున మాధవ సోమయాజి యజ్ఞకర్తగా ప్రసిద్ధుడు. అతని కుమారుడు అభిమానచంద్రుడు, అతని కుమారుడు కొమరయ్య. కొమరయ్య కుమారుడు అభిరామదేవరాయలు. శాసనమున ఇతనికే భీమపయ్య యని పేరు. ఇతడు వైదికకులమున జనించియు జైనధర్మమును స్వీకరించెను. ఇతని భార్య అబ్బణబ్బె కన్నడదేశమున బెళ్వొల సీమలోని అణ్ణిగెరికి చెందిన జోయిస సింగని మనుమరాలు. ఇట్లు తండ్రివైపు తెలుగునేల, తల్లివైపు కన్నడనేల. ఈ దంపతులకు 902వ సంవత్సరమున పంపడు జన్మించెను. ఇతని గురువు దేవేంద్రముని, తమ్ముడు జినవల్లభుడు.

పంపని హృదయమును హరించిన సీమ బనవాసి. వరదానదీ తీరమున కదంబరాజులకు రాజధానియై వెలసిన పురాతన నగరమది. అర్జునుని తీర్థయాత్రను వర్ణించు సందర్భమున పంపడు ఆ సీమలోని ఉద్యానములను, గానగోష్ఠులను, దక్షిణమారుతమును తలచి తలచి ప్రశంసించెను. కథకు కావలసినంతకంటె ఆ ప్రశంస అధికముగా నుండుటచే అది కవి స్వానుభవమని విద్వాంసులు గ్రహించిరి. పంపని బాల్యమో విద్యాభ్యాసమో అచట గడచియుండునని వారి ఊహ.

అట్టి పంపడు బనవాసిని విడచి తెలంగాణమునందలి వేములవాడలో స్థిరపడెను. శాసనములలో లేంబులపాటకమని వ్యవహరింపబడిన ఈ నగరము అప్పుడు రాష్ట్రకూటులకు సామంతులైన చాళుక్యుల రాజధాని. సుమారు 930 నుండి 955 వరకు పాలించిన రెండవ అరికేసరి కాలమది. తనను శరణుజొచ్చిన విజ్జయితుని అప్పగింపుమని చక్రవర్తి నాలుగవ గోవిందుడు ఆజ్ఞాపింపగా, అరికేసరి ఆ యాజ్ఞను నిరాకరించెను. పిమ్మట గోవిందుని పదచ్యుతుని గావించి మూడవ అమోఘవర్షుని సింహాసనమెక్కించుటలో తోడ్పడెను. చక్రవర్తి కోపమునకు వెఱవక శరణాగతుని కాపాడిన ప్రభువు నీడలో కవి నిర్భయుడై వ్రాయగలడు. పంపడు కలమునే కాక ఖడ్గమునుగూడ ధరించిన వీరుడు. కావున అట్టి ప్రభువు కొలువు అతనికి సహజముగనే రుచించెను.

శాలివాహన శకము 863, అనగా 941వ సంవత్సరమున పంపడు ఆదిపురాణమును ముగించెను. ధర్మప్రధానమైన ఈ కావ్యమున ప్రథమ తీర్థంకరుడైన వృషభనాథుని చరిత్ర కలదు. లౌకికమైన విక్రమార్జున విజయమున భారతకథను చెప్పుచు అరికేసరిని అర్జునునితో అభేదముగా భావించెను. అందుకొఱకు ద్రౌపదిని అర్జునునకు మాత్రమే పత్నిగాను, చివరకు సుభద్రాసమేతుడైన అర్జునునే పట్టాభిషిక్తునిగాను చిత్రించెను. ఈ కావ్యమునకు మెచ్చి రాజు ధర్మవురమను అగ్రహారమును ఒసగెను. ఇచట గమనింపదగిన విశేషమొకటి కలదు. రాజు సన్మానించిన ఆ గ్రంథమునందే బనవాసి ప్రశంసయు నున్నది. తన కొలువున కూర్చుండి పరసీమపై మక్కువ చూపిన కవిని అరికేసరి ఆక్షేపింపలేదు, అగ్రహారమిచ్చి నిలుపుకొనెను. వేములవాడ గొప్పతనము ఈ ఔదార్యమునందున్నది.

కవి మనసు ఎచటనున్నను, ఆ కుటుంబము ఈ నేలపైననే వేళ్లూనెను. కరీంనగరు జిల్లా గంగాధర మండలమున కుర్క్యాల సమీపమునగల బొమ్మలగుట్టయే దీనికి సాక్షి. శాసనమున దీనికి వృషభగిరి యని పేరు. సుమారు 945లో జినవల్లభుడు ఈ గుట్టపై చక్రేశ్వరీదేవితోపాటు జినబింబములను మలపించెను. త్రిభువనతిలకమను బసదిని, మదనవిలాసమను తోటను, కవితాగుణార్ణవమను చెఱువును నిర్మించెను. కవితాగుణార్ణవుడన్నది పంపని బిరుదము. గుణార్ణవుడన్నది అరికేసరి బిరుదము. అన్న పేరును, ఆ పేరులో ఇమిడిన రాజు పేరును ఇట్లు ఒక్క చెఱువునకు చేరెను. అచటి శాసనము సంస్కృతము, కన్నడము, తెలుగు భాషలలో నున్నది. అందలి మూడు తెలుగు కందపద్యములు 11వ శతాబ్దివాడైన నన్నయకు సుమారు శతాబ్దము పూర్వమువి. ఏ భాషకు ఆ భాష తన స్థానమున నిలిచి పరస్పరము శోభించుట వేములవాడ రాజ్యమున కానవచ్చు సంప్రదాయము.

పంపని తరువాతను ఈ సీమ విద్వాంసులను ఆకర్షించుచునే యుండెను. సోమదేవసూరి 959లో యశస్తిలక చంపువును అరికేసరి కుమారుని పాలనలో గంగధారయందు ముగించెను. 966నాటి పర్భణీ తామ్రశాసనము ఆ సూరికి లేంబులపాటకమునందలి శుభధామ జినాలయ నిర్వహణకై గ్రామదానము జరిగినట్లు తెలుపుచున్నది.

నేడు వేములవాడ రాజరాజేశ్వర క్షేత్రముగా సుప్రసిద్ధము. 2016 నుండి రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరినది. కోడెమొక్కు తీర్చుకొన వచ్చు యాత్రికులలో పంపని నెఱిగినవారు అరుదు. కన్నడిగులకు పంపడు ఆదికవియే కాని అతడు బ్రదికిన ఊరు వారికి దూరము. తెలుగువారికి ఊరు సమీపమే కాని కవి పరాయివాడైనాడు. జన్మచేత వేంగితోను, ప్రేమచేత బనవాసితోను, జీవితముచేత వేములవాడతోను ముడివడిన పంపని స్మృతిని కాపాడుట ఉభయ భాషలవారికిని సమానమైన ఋణము. ఆ ఋణపత్రము బొమ్మలగుట్ట శిలపై మూడు భాషలలో లిఖింపబడియే యున్నది.