బృహత్కథాకర్త గుణాఢ్యుడు

హత్యలు, దొంగతనాలు, శ్మశానాలు, శవాలలో ప్రవేశించిన భేతాళులు, అర్ధరాత్రి చెట్లకింద మాటలాడుకొనే రాక్షసులు. ఇటువంటి కథ చేతికి వస్తే చివరి పుట వరకు విడిచిపెట్టలేము. ఈ అభిరుచి ఆధునిక నవలలతో పుట్టినదని చాలామంది భావిస్తారు. కాని భారతీయ కథాసాహిత్యంలో దానికి శతాబ్దాల చరిత్ర ఉంది. ఆ చరిత్రకు మూలపురుషుడుగా కీర్తి పొందినవాడు బృహత్కథాకర్త గుణాఢ్యుడు.

గుణాఢ్యుడు శాతవాహనుల కాలంవాడని సంప్రదాయం చెబుతున్నది. గోదావరీ తీరంలోని ప్రతిష్ఠానం ఆనాటి రాజధాని. శాతవాహనుల పాలన నేటి తెలుగు ప్రాంతాలకు కూడా విస్తరించింది. ఆదోని సమీపంలోని మ్యాకదోని శాసనం శాతవాహనుల పేరుతో ఉన్న ఒక సీమను ప్రస్తావిస్తుంది. వారి శాసనాల భాష ప్రాకృతం. అంతకుముందే ఎర్రగుడి బండలపై అశోకుడు తన ధర్మాజ్ఞలను ప్రాకృతంలోనే చెక్కించాడు. పండితుల భాషగా సంస్కృతం, శాసనాల భాషగా ప్రాకృతం, ప్రజల నోట దేశభాషలు వెలసిల్లిన కాలమది. గుణాఢ్యుని జీవితాన్ని మలుపు తిప్పింది కూడా భాషే.

గుణాఢ్యుని చరిత్ర సోమదేవుని కథాసరిత్సాగరం వల్ల మనకు లభిస్తున్నది. దాని ప్రకారం అతడు పూర్వజన్మలో మాల్యవంతుడనే శివగణనాయకుడు. శివుడు పార్వతికి ఏకాంతంలో చెప్పిన కథను పుష్పదంతుడనే మరొక గణనాయకుడు చాటుగా విన్నాడు. పార్వతి అతనిని శపించింది. మిత్రుని పక్షాన వేడుకొన్న మాల్యవంతుడు కూడా శాపానికి గురి అయ్యాడు. ఆ కథను లోకంలో ప్రచారం చేసినప్పుడే అతనికి విముక్తి. మాల్యవంతుడు భూలోకంలో గుణాఢ్యుడుగా జన్మించి, దక్షిణాపథంలో విద్యలన్నీ నేర్చి, శాతవాహన రాజుకు మంత్రి అయ్యాడు.

ఒకనాడు రాజు రాణులతో జలక్రీడలు ఆడుతున్నాడు. నీళ్ళు చల్లవద్దని ఒక రాణి సంస్కృతంలో కోరింది. సంధి విడదీసి అర్థం చేసుకోలేని రాజు ఆమె మోదకాలు అడిగినదని భ్రమించి వాటిని తెప్పించాడు. రాణి నవ్వింది. రాజు సిగ్గుతో కుంగిపోయాడు. ఆరేండ్లలో వ్యాకరణం నేర్పగలనని గుణాఢ్యుడు మాట ఇచ్చాడు. శర్వవర్మ అనే మరొక మంత్రి ఆరు నెలలు చాలునన్నాడు. అదే జరిగితే తాను సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడింటినీ విడిచిపెడతానని గుణాఢ్యుడు శపథం చేశాడు. శర్వవర్మ కుమారస్వామి అనుగ్రహంతో మాట నిలుపుకొన్నాడు. గుణాఢ్యుడు మౌనం వహించి, గుణదేవుడు, నందిదేవుడు అనే ఇద్దరు శిష్యులతో వింధ్యారణ్యానికి వెళ్ళిపోయాడు.

మాట్లాడటానికి భాష లేని ఆ పండితునికి అడవిలో పిశాచాల భాష వినిపించింది. అతడు దానిని నేర్చుకొన్నాడు. కాణభూతి అనే పిశాచం పుష్పదంతుని వద్ద విన్న దివ్యకథను అతనికి వినిపించింది. గుణాఢ్యుడు ఏడేండ్లు శ్రమించి దానిని పైశాచీ భాషలో ఏడు లక్షల శ్లోకాలుగా రచించాడు. అడవిలో సిరా దొరకలేదు. తన రక్తంతోనే రాశాడు.

శిష్యులు ఆ గ్రంథాన్ని రాజు వద్దకు తీసుకొనిపోయారు. భాష పైశాచి, రాత రక్తం. ఈ రెండూ చూసి రాజు దానిని ఏవగించుకొని తిప్పిపంపాడు. కథ ఎటువంటిదో తెలుసుకొనే ప్రయత్నం చేయలేదు. గుణాఢ్యుడు కొండపై అగ్నిగుండం ఏర్పరచి, ఒక్కొక్క పత్రాన్ని మృగాలకు, పక్షులకు చదివి వినిపిస్తూ అగ్నికి ఆహుతి చేశాడు. జంతువులు మేత మాని, చుట్టూ చేరి, కన్నీరు కారుస్తూ విన్నాయి. శిష్యులకు ప్రియమైన నరవాహనదత్తుని కథను మాత్రం అతడు మిగిల్చాడు.

ఇంతలో రాజుకు జబ్బు చేసింది. సారంలేని మాంసమే కారణమని వైద్యులు తేల్చారు. విచారించగా, మృగాలు మేత మాని కథ వింటున్నాయని వేటగాళ్ళు చెప్పారు. రాజు పరుగున కొండకు వెళ్ళేసరికి ఆరు లక్షల శ్లోకాలు బూడిద అయ్యాయి. మిగిలిన లక్షను రాజుకు అప్పగించి గుణాఢ్యుడు దేహం చాలించాడు. రాజు ఆ శిష్యులను సత్కరించి, వారి సహాయంతో కథను లోకంలో వ్యాపింపజేశాడు.

పైశాచీ మూలం నేడు లభించదు. అయినా ఆ కథ నశించలేదు. దండి, బాణుడు వంటి మహాకవులు బృహత్కథను పేర్కొన్నారు. జైనుల ప్రాకృత గ్రంథం వసుదేవహిండి, తమిళంలో పెరుంగదై, కాశ్మీరంలో క్షేమేంద్రుని బృహత్కథామంజరి ఆ కథాసంప్రదాయానికి చెందినవే. 11వ శతాబ్దంలో సోమదేవుడు కాశ్మీర రాణి సూర్యవతి కోసం 18 లంబకాల కథాసరిత్సాగరాన్ని రచించాడు.

ఆ గ్రంథంలోని ఒక కథ ఇది. రాణి కిటికీలోనుంచి ఒక బ్రాహ్మణుని చూసిందన్న అసూయతో రాజు అతనికి మరణశిక్ష విధిస్తాడు. భటులు అతనిని తీసుకొనిపోతుండగా బజారులో చచ్చిన చేప నవ్వుతుంది. ఆ రహస్యం ఛేదించడానికి మంత్రి వరరుచి రాత్రివేళ తాటిచెట్టుపై దాగి, ఒక రాక్షసి తన పిల్లలతో చెప్పే మాటలు వింటాడు. అంతఃపురంలో స్త్రీవేషాలతో పురుషులు తిరుగుతుండగా, నిరపరాధిని చంపబోతున్నందుకే చేప నవ్వింది. నిజం తెలిసి రాజు బ్రాహ్మణుని విడిచిపెడతాడు. నేరం, భయం, అద్భుతం కలిసిన ఈ కథ చివరికి న్యాయం పక్షాన నిలిచింది.

కాశ్మీర గ్రంథాలలోని భేతాళ కథలు కూడా ఇటువంటివే. రాజు భుజంపై శవం, శవంలో భేతాళుడు, కథ చివర ఒక ప్రశ్న. చదువరి కూడా న్యాయాధిపతి కావలసిందే. 1947లో ప్రారంభమైన చందమామ పత్రిక ఆ కథాసరళిని దశాబ్దాలపాటు తెలుగు ఇండ్లకు చేర్చింది.

బాహ్యరూపాన్ని చూసి రాజు తిరస్కరించిన గ్రంథాన్ని అడవి మృగాలు కన్నీటితో విన్నాయి. రక్తపు రాతను చూసిన కన్ను అందులోని కథను చూడలేకపోయింది. ఆ పొరపాటుకు లోకం చెల్లించిన మూల్యం ఆరు లక్షల శ్లోకాలు. ఏ గ్రంథాన్నయినా చదివిన తరువాతనే దాని విలువ నిర్ణయించాలని గుణాఢ్యుని జీవితం బోధిస్తున్నది.