సంకెలకు లొంగని సంకీర్తన

భగవద్భక్తుల వంశాలలో భయానికి తావుండదని మనం తలుస్తాము. తాళ్లపాక అన్నమాచార్యుల వంశచరిత్రను చూస్తే ఆ తలంపు నిలువదు. ఆ కథ ఒక పసివాని భయంతోనే మొదలవుతుంది.

ఆ బాలుడు అన్నమయ్యగారి తాత నారాయణయ్య. చదువు అబ్బక, ఊటుకూరులో గురువు విధించే దండనలకు తాళలేక, చింతలమ్మ గుడి వద్దనున్న పుట్టలో చేయి పెట్టాడు. పాము కరిస్తే బాధ తీరిపోతుందని ఆ పసి హృదయం భావించింది. అమ్మవారు ప్రత్యక్షమై, తాళ్లపాక చెన్నకేశవుని శరణు వేడమని, అతని మూడవ తరంలో పరమభక్తుడు జన్మిస్తాడని అభయమిచ్చిందట. అన్నమయ్యగారి మనుమడు చిన్నన్న తన ద్విపద కావ్యంలో ఈ వృత్తాంతాన్ని దాచకుండా వ్రాశాడు. చదువు పేరిట బిడ్డలను బెదిరించే పెద్దలు ఈ ఘట్టాన్ని ఒక్కసారి స్మరించాలి.

నారాయణసూరి, లక్కమాంబ దంపతులకు అన్నమయ్య 1408లో జన్మించారు. బాల్యంలోనే ఇల్లు విడిచి, యాత్రికుల వెంట తిరుమలకు బయలుదేరారు. మోకాళ్ల పర్వతం వద్ద ఆకలికి సొమ్మసిల్లిన ఆ ఒంటరి బాలునికి అలమేలుమంగమ్మ ప్రసాదం పెట్టి, సాలగ్రామమయమైన ఆ కొండను పాదరక్షలతో ఎక్కరాదని బోధించిందని ఐతిహ్యం. పదహారవ యేట, 1424లో, ఆరంభమైన ఆయన సంకీర్తన ఇక ఆగలేదు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల వారికి ఉత్తర దిక్కున అహోబిల క్షేత్రం ఉన్నది కదా! అన్నమయ్య శఠకోప యతి సన్నిధిలో వేదాంతం అభ్యసించినది అక్కడే. విషానికి, అగ్నికి, మదగజాలకు వెరవని ప్రహ్లాదుని కథకు నెలవైన క్షేత్రమది. ఆ గురుకుల వాసం ఊరకే పోలేదు.

ఇప్పుడు పులివెందులకు నైరుతిగా, కదిరి దాటి పెనుగొండ వైపు చూడండి. టంగుటూరు పాలకుడై, అన్నమయ్యను ఆదరించిన సాళువ నరసింహరాయలు అక్కడ కొలువు తీరి ఉన్నాడు. స్వామిపై అన్నమయ్య పాడిన ఒక శృంగార సంకీర్తన విని పరవశించి, అటువంటిదే తనపైన కూడా చెప్పమని కోరాడు. అన్నమయ్య చెవులు మూసుకున్నారు. హరిని కీర్తించే నాలుకతో నరుని కీర్తించలేనని నిండు సభలో చెప్పివేశారు. అడిగినవాడు పరాయివాడు కాడు, అన్నం పెట్టిన ప్రభువు. శత్రువును కాదనడం కంటె పోషకుని కాదనడం ఎంత కష్టమో సంసారులైన మీకు తెలియనిది కాదు.

రాజు ఆగ్రహించి, మూరురాయరగండ అనే సంకెలను వేయించి చెరలో పెట్టించాడు. భయాన్ని పోగొట్టే నరసింహుని పేరు ధరించినవాడే భక్తునికి భయకారణమైనాడు, చూడండి!

సంకెల ఊడిపడిన మహిమనే మనం పదేపదే చెప్పుకుంటాము. నా మనస్సు మాత్రం దానికి ముందటి ఘడియ వద్దనే నిలుస్తుంది. సంకెల వీడుతుందని అన్నమయ్యకు ఎవరూ మాట ఇవ్వలేదు. కాళ్లు కదలవు, రాజు మనసు మారే జాడ లేదు. ఆ స్థితిలో ఆయన చేసినది ఒక్కటే: తన దైన్యాన్ని వేంకటేశ్వరునికే పాటగా విన్నవించుకున్నారు. సంకెల వీడింది. కావలివారు పరుగున వెళ్లి చెప్పగా, రాజు నమ్మక, స్వయంగా వచ్చి మళ్లీ వేయించాడు. అన్నమయ్య మళ్లీ పాడారు, అది మళ్లీ వీడింది. రాజు పాదాలపై పడి క్షమాపణ వేడుకున్నాడు.

ఆ నరసింహరాయలే 1485లో విజయనగర సింహాసనమెక్కాడు. అన్నమయ్య 1503 ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు జీవించారు. కుమారుడు పెదతిరుమలాచార్యుల పూనికతో ఆయన సంకీర్తనలు రాగిరేకులకెక్కి, తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రమైనాయి. వేలకొలదిగా లభించిన ఆ పాటలలో, ఆనాడు రాజు కోరిన పాట మాత్రం లేదు.