భాస్వరంలో ప్రాణశక్తిని దర్శించిన శాస్త్రజ్ఞుడు - డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

పరీక్షలో తప్పినంత మాత్రాన ప్రతిభ తరిగిపోదని నిరూపించిన మహనీయుడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన ఆయన, మూడవ ప్రయత్నంలో గాని మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తి పడవలసి వచ్చింది. ఆ రోజులలోనే స్ప్రూ వ్యాధి ఆయన సోదరులిద్దరిని పొట్టన పెట్టుకున్నది.

1923లో అమెరికా చేరి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్కే వద్ద పరిశోధనకు పూనుకున్నారు. రక్తంలోను, మూత్రంలోను గల భాస్వరాన్ని నీలివర్ణపు గాఢతనుబట్టి కొలిచే పద్ధతిని వారిరువురు 1925లో ప్రకటించారు. ఆ పద్ధతితోనే కండరాలను పరీక్షించి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో మూడు ఫాస్ఫేట్లు గల ఎ.టి.పి.ని వెలికి తీశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఎ.టి.పి.ని కనుగొన్నారు.

కండరానికి శక్తినిచ్చే ఈ పదార్థానికి మరొక మహత్తర కర్తవ్యం కూడా ఉన్నదని 1955లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ తెలియజేశారు. కైనేజు అనే ఎంజైము ఎ.టి.పి. నుండి ఒక ఫాస్ఫేటును గ్రహించి ఫాస్ఫోరిలేజు అనే మాంసకృత్తుకు తగిలిస్తుంది. అంతట అది మేల్కొని, కండరంలో నిలువ ఉన్న గ్లైకోజన్‌ను విడగొడుతుంది. ఫాస్ఫటేజు అనే మరొక ఎంజైము ఆ ఫాస్ఫేటును తొలగించగానే తిరిగి మందగిస్తుంది. దీపాన్ని వెలిగించి ఆర్పినట్లు కణం తన మాంసకృత్తులను అదుపులో ఉంచుకొనే విధానమిదే. ఈ పరిశోధనకు వారికి 1992లో నోబెల్ బహుమతి లభించింది.

ఆ వైభవాన్ని చూడటానికి సుబ్బారావుగారు జీవించి లేరు. హార్వర్డ్‌లో స్థిరమైన ఆచార్య పదవి లభించక, 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు తరలి వెళ్ళారు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది సంజీవని అయినది. తన సోదరులకు అందని ఔషధాన్ని ఆయన లోకానికి అందించారు. భార్య శేషగిరిగారిని, మాతృభూమిని మరల చూడకుండానే 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో కన్ను మూశారు.

పదవులు ఆయనను వరించలేదు. ఆయన కృషి మాత్రం ఫలించింది. పరీక్షా ఫలితాలు చూచి క్రుంగిపోయే విద్యార్థి సోదరులు, సోదరీమణులు ఈ జీవితాన్ని ఒక్కసారి స్మరించుకొందురుగాక.